పాలంపేట: గుడి, చెరువు, ఊరు



ఇవాళ ఒక చిన్న ఊరి గురించి మాట్లాడుకుందాం. వరంగల్ నుంచి ములుగు రోడ్డు పడితే సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, గుట్టల నడుమ ఉన్న ఊరు. పేరు పాలంపేట. పేరు చెబితే కొందరికి వెంటనే తట్టకపోవచ్చు. రామప్ప అంటే మాత్రం పసిపిల్లలు కూడా దారి చూపిస్తారు. గుడి పేరు ఊరి పేరును అంతగా కమ్మేసింది. గుడిని చూసి మురిసిపోయి, ఊరిని చూడకుండానే వెనక్కి తిరిగి వచ్చేవాళ్లం మనలో చాలామందిమి. అందుకే ఈ ప్రసంగంలో గుడితో పాటు ఊరిని, చెరువును, చుట్టూ ఉన్న గుట్టలను కూడా కలిపి చూద్దాం. ఎనిమిది వందల ఏళ్ల కిందట వాటిని కట్టినవాళ్లు అలాగే కలిపి చూశారు.

దారితోనే మొదలుపెడదాం. హన్మకొండ దాటాక 163వ నంబరు జాతీయ రహదారి గూడెప్పాడ్, కటాక్షపురం, మల్లంపల్లి మీదుగా ములుగు చేరుతుంది. వానలు గట్టిగా కురిసిన ఏడు కటాక్షపురం చెరువు మత్తడి దుంకి రోడ్డు మీదికే వస్తుంది. ములుగు పొలిమేరలో గట్టమ్మ తల్లి గుడి. మేడారం జాతరకు పోయేవాళ్లు ముందుగా ఇక్కడ బండి ఆపి, గట్టమ్మకు మొక్కి ముందుకు సాగుతారు. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమ పక్కకు తిరిగితే వెంకటాపూర్ మండలం. అక్కడి నుంచి దారికి రెండు పక్కలా పొలాలు, పొలాల వెనక గుట్టలు. 2019 ఫిబ్రవరిలో ములుగు ప్రత్యేక జిల్లా అయ్యాక పాలంపేట ఆ జిల్లాలోకి వచ్చింది. అయినా వరంగల్ వాళ్లకు రామప్ప ఎప్పుడూ సొంతదే.

ఊరి నైసర్గిక స్వరూపం ఒకసారి మనసులో గీసుకోండి. మూడు దిక్కులా అడవి కప్పుకున్న గుట్టలు. నాలుగో దిక్కున, లోయ తెరుచుకున్న చోట, గుట్టకూ గుట్టకూ మధ్య పోసిన భారీ కట్ట. కట్టకు ఆవల రామప్ప చెరువు, ఈవల తూముల నుంచి దిగే కాలువలు, వాటి కింద పచ్చటి వరి మడులు. ఆ మడుల మధ్య గుడి, గుడి పక్కన ఊరు. వాన గుట్టల మీద కురుస్తుంది, చెరువులోకి చేరుతుంది, తూము దాటి పొలంలోకి పారుతుంది, గింజై ఇంటికి వస్తుంది. ఈ ఏర్పాటులో ఏ ఒక్కటి తీసేసినా మిగతావి నిలవవు.

ఇదంతా ఎవరి పని? జవాబు గుడి ఆవరణలో నిలబెట్టిన శాసన స్తంభం మీద ఉంది. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం. ఇప్పటి లెక్కలో 1213. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. రేచర్ల రుద్రుడు మామూలు సేనాని కాడు. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో కాకతీయ ప్రభువు మహాదేవుడు మరణించి, ఆయన కొడుకు గణపతిదేవుడు శత్రువులకు బందీ అయిన రోజుల్లో, ఓరుగల్లు రాజ్యం చెదిరిపోకుండా కాపాడినవాడు ఆయనే. కాకతీయ రాజ్యభార ధౌరేయుడు అన్న బిరుదు అందుకే వచ్చింది. రాజు తిరిగి వచ్చాక రాజ్యాన్ని రాజుకు అప్పగించి, తాను సామంతుడిగానే ఉండిపోయాడు. అంత అధికారం చేతిలో ఉండి కూడా తన పేరు నిలబెట్టుకోవడానికి ఆయన ఎంచుకున్న మార్గం గుడి, చెరువు, ఊరు. చెరువు తవ్వించడం, ఆలయం నిలపడం, నలుగురు బతికే ఊరు పెట్టడం ఒకే ధర్మంలో భాగాలని కాకతీయుల కాలం నమ్మింది. పాకాల, లక్నవరం, ఘనపురం, రామప్ప చెరువులు ఆ నమ్మకానికి సాక్ష్యాలు.

ఇక గుడి దగ్గరికి పోదాం. ఈ పని పూర్తి కావడానికి సుమారు 40 ఏళ్లు పట్టిందని చెబుతారు. ప్రధాన శిల్పి పేరు రామప్ప అని, ఆయన పేరే గుడికి నిలిచిందని తరతరాలుగా జనం చెప్పుకునే మాట. రాజు పేరో సేనాని పేరో ఉండాల్సిన చోట పనివాడి పేరును నిలబెట్టుకున్న జనం మనవాళ్లు. ఓరుగల్లు నేల గర్వపడాల్సిన సంగతి ఇది.

చెరువు దిగువన, తడి తగిలే నేల మీద, ఇంత బరువైన రాతి కట్టడం ఎట్లా నిలిచింది? పునాది కోసం గొయ్యి తీసి, దానిని ఇసుకతో నింపి గట్టిపరిచి, ఆ పైన కట్టడం లేపారు. భూమి కదిలినప్పుడు ఆ ఇసుక పొర అదురును చాలా వరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. ఇంజనీర్లు దీనిని శాండ్‌బాక్స్ పద్ధతి అంటారు. వరంగల్ ఎన్‌ఐటీ ఆచార్యులు ఎం. పాండురంగారావు లాంటివాళ్లు కాకతీయుల ఈ నేర్పును శాస్త్రీయంగా వివరించారు. లోపలికి వెళ్లిన వాళ్లు నేల పరుపును గమనించే ఉంటారు. కొన్ని చోట్ల బండలు కుంగాయి, కొన్ని చోట్ల లేచాయి. కాలి కింద నేల అలలుగా తగులుతుంది. నేల అంత కదిలినా, పైన దూలాలు, స్తంభాలు, గర్భాలయం నిలిచే ఉన్నాయి.

రెండో ఉపాయం శిఖరంలో ఉంది. విమానం బరువు కింది గోడల మీద పడకుండా దానిని ఇటుకతో కట్టారు. ఆ ఇటుకలు మనం ఇళ్లకు వాడే రకం కావు. లోపలంతా సన్నని రంధ్రాలు. నీళ్లలో వేస్తే తేలతాయి. మట్టిలో కాలిపోయే పదార్థం ఏదో కలిపి బట్టీలో కాల్చితే, అది కాలిపోయిన చోట గాలి గదులు మిగిలి ఇటుక తేలికవుతుందని నిపుణుల వివరణ. కింద ఇసుక, పైన తేలిక ఇటుక, మధ్యలో రాయి. నేల గుణం తెలిసిన వాళ్లు చేసిన పని ఇది.

రాయిలోనూ రెండు రకాలు. గోడలు ఎర్రని ఇసుకరాయి. శిల్పంలో సూక్ష్మమైన పని చేయాల్సిన చోట నల్లరాయి. ఇంత గట్టి రాయిని వాళ్లు అద్దంలా మెరిసేట్టు నునుపు చేశారు. సూది మాత్రమే దూరేంత సన్నని రంధ్రాలు చెక్కారు. ఎత్తైన నక్షత్రాకారపు అరుగు ఎక్కి ప్రదక్షిణం మొదలుపెట్టండి. గోడ అడుగు వరసలో ఏనుగులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నడుస్తుంటాయి. తల పైకెత్తితే చూరు కింద మదనికలు. ఒకామె చీర చెంగును కోతి పట్టి గుంజుతోంది. ఆమె ఒక చేత్తో చీరను పట్టుకుని, మరో చేత్తో కోతిని అదిలిస్తోంది. ఇంకొకామె కాల్లో ముల్లు దిగింది. ఆ ముల్లు తీస్తున్న మనిషి కింద కూర్చుని ఉన్నాడు. మరొకామె పాదాలకు ఎత్తు మడమల చెప్పులు. ఇంకొకామె ఒంటి చుట్టూ నాగులు. ఈ బొమ్మల ముఖాల్లో దేవలోకపు నిశ్చలత కన్నా మన ఇళ్లల్లో మనుషుల కదలిక ఎక్కువ. సిగ్గు, నొప్పి, చిరుకోపం, సరదా అన్నీ కనిపిస్తాయి. పాలంపేట పరిసరాల మనుషులను చూసే ఆ శిల్పులు వీటిని చెక్కి ఉంటారని నాకు గట్టి నమ్మకం.

గుడికి ఎదురుగా నంది. నంది మండపం శిథిలమైంది కానీ నంది నిలిచింది. మెడలో గంటల పేర్లు, ఒంటి మీద చెక్కిన నగలు, రిక్కించిన చెవులు. స్వామి పిలిస్తే ఆ క్షణమే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు తల కాస్త ఎత్తి ఉంటుంది.

ఈ రాతి నుంచి ఒక నాట్యం కూడా తిరిగి పుట్టింది. గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయప సేనాని నృత్తరత్నావళి అనే నాట్య లక్షణ గ్రంథం రాశాడు. అందులోని లక్షణాలను, రామప్ప గోడల మీది నర్తకుల భంగిమలను పక్కపక్కన పెట్టి చదివి, కాలగర్భంలో కలిసిపోయిన పేరిణి శివతాండవానికి నటరాజ రామకృష్ణ మళ్లీ ప్రాణం పోశారు. ఇప్పుడు తెలంగాణలో ఏ పెద్ద వేడుక జరిగినా పేరిణి ఉంటుంది. ఆ అడుగుల వెనక పాలంపేట గుడి గోడలు ఉన్నాయి.

శ్రోతలారా, ఇంతవరకూ చెప్పింది చాలామందికి కొంతైనా తెలిసినదే. తక్కువ తెలిసినది చెరువు సంగతి. పురావస్తు శాఖకు నిజాం కాలంలో అధిపతిగా ఉన్న గులాం యజ్దానీ 1922లో పాలంపేట ఆలయాల మీద ఒక గ్రంథం వెలువరించారు. ఆలయాల గొప్పతనం బయటి ప్రపంచానికి పద్ధతిగా తెలిసింది దానితోనే. చెరువుకు అంతటి గ్రంథం రాలేదు. కానీ గుడిలో పూజ ఆగిపోయిన కాలాలు ఉంటే ఉండవచ్చు గానీ, చెరువు కింద సాగు మాత్రం తరతరాలుగా ఊరిని బతికించింది. వేల ఎకరాల ఆయకట్టు ఈ చెరువుది. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో తెలిసిన నీరటి, కట్ట మీద మొలిచిన చెట్టును పెరగనివ్వని కాపలా, తూము పూడితే తీయడానికి కదిలే రైతులు, వలలు వేసే బెస్తలు, శిఖంలో నీళ్లు తగ్గాక పశువులను మేపుకునే కాపరులు. వీళ్లెవరి పేర్లూ శాసనంలో ఉండవు. తరతరాలుగా ఆ చెరువును చెరువుగా ఉంచింది మాత్రం వీళ్లే. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పథకంతో గోదావరి నీళ్లు కూడా రామప్పకు చేరుతున్నాయి. కాకతీయుల కట్ట ఈ కాలపు పథకానికి కూడా పనికివస్తోందంటే ఆ చోటు ఎంపిక ఎంత గట్టిదో తెలుస్తుంది.

2021 జులై 25. చైనాలోని ఫుజౌ నగరం ఆతిథ్యమిచ్చిన ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశం కాకతీయ రుద్రేశ్వర ఆలయాన్ని యునెస్కో జాబితాలో చేర్చింది. దేశంలో అది 39వ స్థలం, తెలంగాణలో మొదటిది. విశ్రాంత ఐఏఎస్ అధికారి బి.వి. పాపారావు, ఆచార్య పాండురంగారావు వంటివారు నడిపిన కాకతీయ హెరిటేజ్ ట్రస్టు ఏళ్ల తరబడి చేసిన కృషి దాని వెనక ఉంది. ఆ గుర్తింపులో మనం గమనించాల్సిన మాట ఒకటుంది. యునెస్కో మెచ్చుకున్నది శిల్పాన్నీ, ఇసుక పునాదినీ, తేలే ఇటుకనూ మాత్రమే అనుకోకండి. అడవి అంచున, పొలాల మధ్య, కాకతీయులు కట్టిన చెరువు ఒడ్డుకు దగ్గరగా గుడి ఉండటాన్ని, కొండ, వాగు, చెరువు, పంట భూమితో కలిసి ఆలయం ఉండాలన్న ఆ ఆలోచనను కూడా ఆ కమిటీ ప్రత్యేకంగా పేర్కొంది. గుట్టలు పోతే, చెరువు ఎండితే, పొలాల్లో ప్లాట్లు వెలిస్తే గుడి విలువ కూడా తగ్గినట్టే.

ఇక్కడ నాకు జపాన్‌లోని ఒక కొండ గ్రామం గుర్తుకు వస్తోంది. గిఫు రాష్ట్రంలో, ఎత్తైన కొండల మధ్య, షిరకావా అనే ఊరు. జనాభా సుమారు 1,500. చలికాలంలో నిలువెత్తు మంచు కురుస్తుంది. ఆ మంచు నిలవకుండా జారిపోయేట్టు నిటారుగా దిగే గడ్డి కప్పుల పెద్ద పెద్ద ఇళ్లు అక్కడి ప్రత్యేకత. ఆ కప్పుల కింది అటకల మీద ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవారు. గడ్డి పాతబడినప్పుడు కప్పు మార్చడం ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఊరంతా వచ్చి చెయ్యి వేస్తారు. ఇవాళ మీ ఇంటికి మేం, రేపు మా ఇంటికి మీరు. మన పల్లెల్లో నాట్ల కాలంలో సాగిన బదుళ్ల పద్ధతే అది.

ఆనకట్టలు వచ్చాయి, వలసలు వచ్చాయి, పాత ఇళ్లు ఒక్కొక్కటిగా మాయమవసాగాయి. అప్పుడు, 1971లో, షిరకావాలోని ఒగిమాచి అనే పల్లె జనం కూర్చుని ఒక సంఘం పెట్టుకుని మూడు కట్టుబాట్లు చేసుకున్నారు. ఇళ్లు అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు, కూల్చకూడదు. ఇళ్లకే కాదు, పొలాలకూ అడవికీ ఇవే కట్టుబాట్లు. యునెస్కో గుర్తింపు వచ్చింది 1995లో. అంటే ఊరు తన విలువను తాను గుర్తించిన 24 ఏళ్ల తర్వాత ప్రపంచం గుర్తించింది. ఆ తర్వాత పర్యాటకుల తాకిడి లక్షలు దాటింది. దానికీ ఊరు లొంగిపోలేదు. బయటి వాహనాలను పల్లె బయటే ఆపే పద్ధతి తెచ్చారు. మంచుకాలంలో ఇళ్లకు దీపాలు వెలిగించే వేడుకకు జనం విరగబడుతుంటే, 2019 నుంచి ముందుగా నమోదు చేసుకున్న వాళ్లనే రానిస్తున్నారు. గడ్డి ఇళ్లకు నిప్పు భయం కనుక, ఊరంతా నీటి గొట్టాలు అమర్చి, వాటిని పనిచేయించి చూసే కసరత్తు ఏటా చేస్తారు.

షిరకావాను ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. వాళ్ల దగ్గర ఊరే స్మారకం. మన దగ్గర స్మారకం పక్కన ఊరు ఉంది. వాళ్ల నిర్ణయాల్లో ఊరి జనానిది మొదటి మాట. మన దగ్గర ఊరి జనానిది చివరి మాట అవుతోంది. చట్టం సంగతి చూడండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత స్మారకాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదు. ఇది మంచి చట్టమే, స్మారకాలకు అవసరమైనదే. కానీ దాని బరువు పడేది ఆ పరిధిలో ఇల్లున్న రైతు మీద. కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవాలన్నా అనుమతి కోసం తిరగాలి. గుడి వల్ల వచ్చే పేరు రాష్ట్రానికి, దేశానికి చెందుతున్నప్పుడు, గుడి వల్ల వచ్చే కట్టడిని ఊరు ఒక్కటే మోయడం న్యాయం కాదు. కట్టడి ఊరిదైతే ఆదాయంలో వాటా కూడా ఊరిది కావాలి. గుడి దగ్గర గైడ్లుగా, దుకాణదారులుగా, అతిథులకు వండి పెట్టేవాళ్లుగా, పడవ నడిపేవాళ్లుగా పాలంపేట పిల్లలకే మొదటి అవకాశం దక్కాలి. పాలంపేట కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక ప్రాంత అభివృద్ధి సంస్థ ఏ ప్రణాళిక వేసినా, అది గ్రామసభ ముందుకు తెలుగులో రావాలి. ఊరు చదివి, అడిగి, ఒప్పుకున్నాకే అమలు కావాలి.

చుట్టుపక్కల ఉన్న చిన్న గుళ్లను కూడా మరవకూడదు. ప్రధానాలయం పక్కనే ఉన్న కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టడానికి రాయి రాయిగా విప్పారు. చెరువు కట్ట చుట్టుపక్కల, పొలాల మధ్య కూడా కాకతీయుల కాలపు చిన్న ఆలయాలు శిథిలంగా ఉన్నాయి. రామప్పను చూసి వెళ్లే వేలమందిలో వీటి దగ్గరికి నడిచేవాళ్లు చాలా తక్కువ. ఇవన్నీ కలిస్తేనే రేచర్ల రుద్రుడు తలపెట్టిన ఊరు అర్థమవుతుంది.

శ్రోతలారా, మహాశివరాత్రికి, మేడారం జాతరకు పోయి వచ్చేటప్పుడు, బడి పిల్లల విహారయాత్రలకు మనం రామప్పకు వెళ్తూనే ఉంటాం. ఈసారి వెళ్లినప్పుడు నాలుగు సంగతులు పాటించండి. రాతి బొమ్మలను తట్టి మోగించి చూడకండి. శిల్పం వినడానికి కాదు, కళ్లతో చూడటానికి ఉంది. మీ వెంట తెచ్చిన ప్లాస్టిక్‌ను చెరువు గట్టున వదిలేయకుండా మీతోనే తీసుకుపొండి. గుడి చూశాక అక్కడితో ఆగక చెరువు కట్ట ఎక్కి, తూము దగ్గర నిలబడి, ఆ నీళ్లు ఎటు పారుతున్నాయో పిల్లలకు చూపించండి. టీ అయినా, భోజనం అయినా, బొమ్మ అయినా ఆ ఊరి మనిషి దగ్గరే కొనండి.

వరంగల్, హన్మకొండ, ములుగు జిల్లాల ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా ఒక మనవి. రామప్ప పాఠం చెప్పేటప్పుడు శిల్పంతో పాటు కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు అన్న మాటలు కూడా పిల్లలకు చెప్పండి. మీ ఊళ్లోనూ ఒక చెరువు ఉంటుంది. చాలా చోట్ల అదీ కాకతీయుల కాలపు గొలుసుకట్టులోదే. దాని శిఖం ఆక్రమణ కాకుండా, దాని కాలువ పూడిపోకుండా చూసుకోవడం నేర్చుకున్న పిల్లలే రేపు రామప్పను కాపాడతారు. గుడిని పురావస్తు శాఖ కాపాడుతుంది, పేరును యునెస్కో కాపాడుతుంది. ఊరిని, చెరువును కాపాడాల్సింది మాత్రం మనమే.